చేతి త్రాళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నన్నయభట్టారకుని ఆదిపర్వమున ఏకలవ్యుని కథ ఎరుగని పాఠకుడు ఈ గ్రంథాలయమున ఉండడు. గురువు దక్షిణగా కుడిచేతి బొటనవ్రేలు కోరెను. శిష్యుడు మారుమాటాడక కోసి యిచ్చెను. విద్య పోలేదు, ధైర్యము పోలేదు, భుజబలము పోలేదు. వ్రేలొక్కటి పోగానే విలుకాని మునుపటి వేగము పోయెను. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు, మడిసిన ముగ్గురు ద్రావిడ సేనానుల స్మృతికై కట్టించిన శివాలయములకు ఈ గ్రామమును దానము చేసెనని కలిదిండి తామ్రశాసనము చెప్పుచున్నది. కావున ఆ రాజు వ్రాయించిన కావ్యములోని కథ ఈ యూరివారికి పరాయిది కాదు.

ఏకలవ్యుడు వ్రేలిని తానై యిచ్చెను. ఈ కొల్లేటి సీమలో వ్రేళ్లు అడుగకయే పోవుచున్నవి. వరికోతలో కొడవలి జారును. చేపలు కోయునప్పుడు కత్తిపీట తగులును. చెరువుగట్టున ఐసు పగులగొట్టు యంత్రము చేతిని లాగును. సీసా పెంకు అరచేత దిగును. కుట్లు వేయింతురు, కొలది దినములకు చర్మము అతుకును, గండము గడచినదని ఇంటివారు కొబ్బరికాయ కొట్టుదురు. నెల తరువాత చూచిన వ్రేలు వంగదు. అన్నము కలుపలేడు, పడవ గడ పట్టలేడు. లోపల ఏమి జరిగెను?

“నరము తెగినది” అని జనులందురు. తెలుగువారి వాడుకలో నెత్తురు పారునదియు నరమే, స్పర్శను మెదడునకు తెలుపునదియు నరమే, కండను ఎముకకు కట్టునదియు నరమే. మూడు భూములు ఒకే పేర నమోదైనచో లెక్క తప్పక మానదు. ఈ పొరపాటు తెలుగువారిది మాత్రమే కాదు. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్, స్నాయువులో నాడియు కలిసియుండునని తలచి, దానిని సూదితో కుట్టిన ఈడ్పులు వచ్చునని భయపడెను. ఆ భయము ఐరోపా వైద్యులను చాలకాలము వెనుకకు లాగెను. సుశ్రుతుడు దేహమున తొమ్మిది వందల స్నాయువులను, పదునారు కండరలను లెక్కించి, కండరలలో నాలుగింటిని చేతులకు చెప్పెను. పలకలను త్రాళ్లతో బిగించిన పడవ నీటిపై బరువు మోయునట్లు, స్నాయువులతో బిగిసిన దేహము బరువు మోయునని ఆయన పోలిక. కొల్లేటివారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

వ్రేళ్లను ముడుచు పెద్ద కండలు వ్రేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నవి. అచ్చటినుండి స్నాయువులనెడు త్రాళ్లు మణికట్టు దాటి, వ్రేళ్లలోని సన్నని సొరంగములగుండ పోయి ఎముకకు తగులుకొనును. బావిమీద గిలక, దానిపై నడచు చేదత్రాడు ఎట్టివో ఇవియు నట్టివి. త్రాడు తెగిన, పైకొన ముంజేతివైపు జారిపోవును. అప్పుడు చర్మము మాత్రము కుట్టుట బావిగట్టునకు గచ్చు చేయుట వంటిది. చేద పైకి రాదు.

కావున గాయము చిన్నదైనను, ప్రతి వ్రేలిని ప్రతి కణుపువద్ద మెల్లగా వంచి చాపి చూపుమనవలెను. వ్రేలికొనను తాకిన తెలియుచున్నదా అని అడుగవలెను. వంగకున్నను, తెలియకున్నను, చేతి శస్త్రవైద్యమెరిగినవారిని కొలది దినములలోనే చేరవలెను. ఆలస్యమైనకొలది కొనలు కుంచించుకొని దూరమగును.

అరచేతి పైమడతనుండి వ్రేలి నడిమి ఎముక వరకు రెండేసి త్రాళ్లు ఒకే ఇరుకు సొరంగమున నడచును. అచ్చట కుట్టిన త్రాడు చుట్టుప్రక్కల అంటుకొని కదలక పోవుచుండెడిది. అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఆ చోటును ఎవరికిని చెందని నేల అనెను. దానిని తాకక, పిదప వేరొక త్రాడు వేయుటయే మేలని చాలకాలము తలచిరి. 1967లో హెరాల్డ్ క్లైనర్ట్, ఆయన సహచరులు అచ్చటనే నేరుగ కుట్టి మంచి ఫలితములు చూపిరి. నేడు వేళకు వచ్చినవారికి అదియే మార్గము. వేళ మించినవారికి, త్రాడు నలిగి ముక్క పోయినవారికి మాత్రము ఎరువు త్రాడు కావలెను.

అది ఎచ్చటనుండి వచ్చును? బొటనవ్రేలిని చిటికెనవ్రేలితో కలిపి, మణికట్టును కొంచెము లోనికి వంచి చూడుడు. నడుమ సన్నని త్రాడొకటి లేచును. కొందరికి లేవదు, వారికది పుట్టుకతోనే లేదు, లేనందున లోటును లేదు. వైద్యులు తీసికొను మిగులు ఆస్తి అదియే. పిక్కలో ఇట్టిదే పొడవైనది మరియొకటి కలదు. తన దేహము తనకే ఇచ్చు దానము గనుక దేహము దానిని త్రోసిపుచ్చదు. సొరంగమే పూడిపోయినచో పని రెండు విడతలగును. 1971లో జేమ్స్ హంటర్ ప్రకటించిన పద్ధతిని బట్టి, ముందు సిలికోను కడ్డీ నుంచి, దాని చుట్టు నున్నని గొట్టము ఏర్పడువరకు సుమారు మూడు మాసములు ఆగి, పిదప దాని స్థానమున త్రాటిని లాగుదురు.

తెలుగునేలకు చేరువనున్న వేలూరున ఈ విద్య మరియొక మహాకార్యమునకు ఉపయోగపడెను. తమిళదేశపు కొల్లి కొండలలో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, లండనులో శస్త్రవైద్యము నేర్చి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. చెంగల్పట్టు కుష్ఠరోగాశ్రమమున ఒక రోగి చేయి పట్టుకొనగా, కొంకరపోయిన ఆ వ్రేళ్లు ఇనుపపట్టు పట్టెను. పాడైనదనుకొన్న చేతిలో ఇంత బలమెట్లు నిలిచెను? వెదకగా తేలినది ఇది: వ్యాధి కొన్ని నాడులను చంపి అరచేతి చిన్న కండలను పడగొట్టును, ముంజేతి కండలలో బలమైనవి మిగిలియుండును. ఆయన మణికట్టును పైకెత్తు కండలలో ఒకదాని త్రాటిని విప్పి, పిక్కనుండి తెచ్చిన స్నాయువుతో పొడిగించి, నాలుగు పాయలు చేసి నాలుగు వ్రేళ్లకు కట్టు పద్ధతిని ఏర్పరచెను. కొంకర్లు విప్పుకొన్నవి.

అంతట కథ ముగియలేదు. బాగుపడిన చేతులకు భిక్ష వేయువారు లేరు. రోగి అను పేరు పోనందున పని ఇచ్చువారును లేరు. చేయి తెరచుకొన్నది, ఊరు తెరచుకొనలేదు. అందుచే వారికి వడ్రంగము మొదలగు పనులు నేర్పుటకు వేలూరున నవజీవ నిలయము వెలసెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళౌషధ చికిత్సతో నేడా వ్యాధి పూర్తిగా కుదురును. పుస్తకముల గదిలోనికి అట్టివారిని రానిచ్చుట ఏ శస్త్రవైద్యుడును చేయజాలని పని. అది ఊరివారే చేయవలెను.

శస్త్రము సగము పని. తక్కిన సగము రోగిది. అతికిన త్రాడు బిగిసి బలపడుటకు సుమారు పండ్రెండు వారములు పట్టును. కదలింపకున్న అంటుకొనును, తొందరపడి బరువెత్తిన తెగును. చెప్పినంతయే, చెప్పినప్పుడే కదల్పవలెను. కోతలు వచ్చినవని కట్టు విప్పి కొడవలి పట్టినచో, ఒక దినపు కూలి కొరకు జన్మపు కూలి పోవును. కోతల కాలమున అట్టి ఇంటికి ఒక మనిషిని సాయమిచ్చుటయు వైద్యమే.

చివర ఒక్క మాట. తన దేహమున చాలిన త్రాడు లేనివానికి మరణించినవారి స్నాయువు ఉపకరించును. స్నాయువున జీవకణములు తక్కువ, నార ఎక్కువ. శుద్ధి చేసి అతిశీతలమున నిలువచేసిన ఆ నారలో గ్రహీత కణములే క్రమముగా కాపురముండును. అవయవదాన చట్టమును 2011లో సవరించి స్నాయువుల వంటి ధాతువులను గూడ అందు చేర్చిరి. చితికి పోవు దేహములోని త్రాడొకటి వేరొకని చేతికి అన్నము కలుపుకొను శక్తి నిచ్చుట చిన్న దానము కాదు.

ఇంటికి పోవునప్పుడు ఇది జ్ఞాపకముంచుకొనుడు: చర్మము అతికినప్పుడు గాయము మానినది, వ్రేలు వంగినప్పుడే చేయి బాగుపడినది.

స్వస్తి.