మన గూడెంలోకి కట్నం ఏ దారిన వచ్చింది?



"మారుతున్న ఆదివాసీ కుటుంబం" గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది చాలా పెద్ద మాట. నేను మా ఇంటి సంగతి ఒకటి చెప్తా. అందులో మీ ఇల్లు కూడా కనబడితే తర్వాత అందరం కలిసి మాట్లాడుకుందాం.

నేను కోయ బిడ్డను. గోదావరి ఒడ్డు ఏజెన్సీ మాది. ఆశ్రమ పాఠశాలలో చదువుకొని ఇప్పుడు టీచర్‌గా పనిచేస్తున్నా. కొన్నేళ్ళ కింద నా తమ్ముడికి సర్కారు ఉద్యోగం వచ్చింది. పెళ్ళి మాట మాట్లాడటానికి పిల్ల వాళ్ళ గూడెం పోయాం. ఓలి మాట వస్తది కదా అని మా నాయనమ్మ కొంగున పైసలు ముడేసుకొని వచ్చింది. అక్కడ ఓలి ఊసే రాలేదు. పిల్ల తండ్రే ముందుగా అన్నాడు: "ఉద్యోగం చేసే పిల్లగాడు. మేం ఉట్టి చేతులతో పంపం. బండి పెడతాం, మంచం, బీరువా పెడతాం, చేతికి కొంత ఇస్తాం."

మా వాళ్ళు ఎవ్వరూ వద్దనలేదు. చదువుకున్న దాన్ని, నేను కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో నాయనమ్మ అడిగింది: "పిల్లనూ వాళ్ళే ఇచ్చి పైసలూ వాళ్ళే ఇస్తే, మనం ఏమిచ్చినట్టురా?" ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ బండికి పైసలు ఎక్కడివో పెళ్ళయ్యాక తెలిసింది. ఆయన తన రెండెకరాల చెలకను ఒక గిరిజనేతరుడికి మూడేళ్ళకు నోటి మాట మీద అప్పజెప్పాడు. కాగితం లేదు. ఇప్పటికి ఐదేళ్ళు దాటింది. ఆ చెలకలో ఇంకా ఆయన పత్తే ఉంది. బండి మాత్రం ఎప్పుడో పాతబడింది.

అందుకే చెప్తున్నా. కట్నం మన దగ్గర పెళ్ళి ఖర్చుతో ఆగదు. అది మన భూమి దాకా పోతుంది.

ఓలి అంటే ఏందో మీలో చిన్నోళ్ళకు తెలియకపోవచ్చు. పిల్లగాడి వైపు వాళ్ళు పిల్ల వైపు వాళ్ళకు ఇచ్చేది ఓలి. పైసలు, ధాన్యం, పశువు, బట్టలు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఇచ్చేవాళ్ళు. "ఆదివాసులు ఆడపిల్లను అమ్ముకుంటారు" అని బయటివాళ్ళు రాశారు. కానీ దాని వెనక లెక్క వేరు. పోడు కొట్టేది, విత్తనం చల్లేది, ఇప్పపువ్వు ఏరేది, తునికాకు కోసేది, సంతకు పోయి అమ్మేది మన ఆడవాళ్ళే. అంత పని చేసే మనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంటే, పోయిన ఇంటికి లోటు. ఆ లోటును ఒప్పుకున్నందుకు గుర్తు ఓలి. ఆడపిల్ల బరువు అనే మాట ఆ లెక్కలో లేదు.

ఇంకో సంగతి. పొసగకపోతే పెద్దల ముందు కూర్చొని విడిపోవచ్చు. మళ్ళీ మనువు చేసుకోవచ్చు. మొగుడు చనిపోయిన ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తలెత్తుకొనే బతికింది. పక్క ఊర్ల పెద్ద కులాల ఇళ్ళలో దీని కోసం ఏళ్ళ తరబడి ఉద్యమాలు చేయాల్సి వచ్చింది.

అట్లని పాతదంతా బంగారం అని చెప్పను. పిల్ల ఇష్టం అడగకుండా ఎత్తుకుపోయి చేసిన పెళ్ళిళ్ళు ఉన్నాయి. విడిపోతానంటే ఓలి తిరిగి కట్టలేక కొట్టే మొగుడి దగ్గరే ఉండిపోయిన ఆడవాళ్ళు ఉన్నారు. పంచాయితీ ఆడదాని గురించే, కానీ అక్కడ మాట్లాడేది అంతా మగవాళ్ళే. భూమిలో ఆడబిడ్డకు వాటా లేదు. "ఆమె వేరే గట్టుకు పోయేది కదా" అన్నారు. ఇవి కూడా మన ఆచారాలే. దాచుకుంటే లాభం లేదు.

మరి కట్నం ఎట్ల వచ్చింది? ఒక్క దారిన రాలేదు.

ఒకటి, ఉద్యోగం. మా తాత కాలంలో ఇద్దరు పిల్లగాళ్ళకు తేడా ఉండేది కాదు. ఇద్దరిదీ పోడే. ఇప్పుడు ఒకరికి నెల జీతం, ఇంకొకరికి మిర్చి కూలి. జీతం ఉన్నోడికి ధర పుట్టింది. ఆ ధర పెట్టింది ముందుగా మనలాంటి చదువుకున్నోళ్ళమే. కూలికి పోయే పిల్లగాడు మొదట కట్నం అడగలేదు. ఉద్యోగస్తుణ్ణి చూసి వాడు కూడా నేర్చుకున్నాడు.

రెండు, ఆడవాళ్ళ పనికి లెక్క పోయింది. పోడు తగ్గింది, పత్తి వచ్చింది. పైసలు మగవాడి చేతికి వస్తున్నాయి. ఆమె మునుపటి కన్నా ఎక్కువే పని చేస్తున్నా, "ఇంట్లో ఉంటది" అంటున్నారు.

మూడు, మనం చూసి నేర్చుకున్నది. మన పిల్లలు మూడో తరగతి నుంచే హాస్టల్‌లో పెరుగుతున్నారు. దసరాకు, ఎండాకాలానికి ఇంటికి వస్తారు. ఇంట్లో నేర్చుకోవాల్సిన వరసలు, గట్టులు, పండుం పాటలు వాళ్ళకు అందవు. పెళ్ళి అంటే ఎట్లుంటదో ఫోన్లో చూస్తారు. రేల పాట పాడే చోట డీజే పెట్టాం. ఆ డీజే వెనకాలే కట్నం కూడా వచ్చింది.

తెలంగాణలో 2014లో కళ్యాణలక్ష్మి మొదలైంది. మొదట 51,000 రూపాయలు, ఇప్పుడు 1,00,116. దానివల్ల మంచి జరిగింది, 18 ఏళ్ళు నిండే దాకా ఆగే ఇళ్ళు పెరిగాయి. కానీ ఆ పైసలు పిల్ల తల్లికి వచ్చేవి. వాటిని కూడా ముందే లెక్కలో వేసుకొని అడిగే పిల్లగాళ్ళను నేను చూశా.

ఇప్పుడు చట్టం సంగతి వినండి. ఇది ముఖ్యం.

హిందూ వివాహ చట్టం 1955, హిందూ వారసత్వ చట్టం 1956 షెడ్యూల్డ్ తెగలకు వర్తించవు, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. రెండు చట్టాల్లోనూ సెక్షన్ 2(2)లో ఇదే రాసి ఉంది. మన పెళ్ళి, మన వారసత్వం మన ఆచారం ప్రకారమే. అది మన హక్కు, వదులుకోవద్దు. కానీ వరకట్న నిషేధ చట్టం 1961 అందరికీ వర్తిస్తుంది. ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. గృహహింస చట్టం 2005 కూడా మన ఆడవాళ్ళకు వర్తిస్తుంది.

ఇప్పుడు మన ఆడబిడ్డ ఎక్కడ నిలబడ్డదో చూడండి. పాత ఆచారం పేరు మీద ఆమెకు భూమి లేదు. కొత్త మోజు పేరు మీద ఆమెకు ఓలి లేదు. కట్నం మాత్రం ఉంది. రెండు పక్కలా నష్టపోయింది ఆమే.

భూమి గురించి సుప్రీంకోర్టు రెండు సార్లు చెప్పింది. 2022లో, ఆదివాసీ ఆడబిడ్డకు వాటా లేకుండా చేయడానికి న్యాయమైన కారణం లేదని, చట్టం మార్చే సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకు వాటా ఇవ్వొద్దనే ఆచారం ఉందని రుజువు చేయలేనప్పుడు వాటా ఇవ్వాల్సిందేనని తీర్పు ఇచ్చింది.

"ఆడపిల్లకు భూమి ఇస్తే గిరిజనేతరుడు పెళ్ళి చేసుకొని ఎత్తుకుపోతాడు" అని కొందరు పెద్దలు అంటారు. ఆ భయం ఉట్టిది కాదు. మన ఆడపిల్లను పెళ్ళాడి ఆమె పేరు మీద భూములు కొన్న బినామీలను మనం చూశాం. కానీ 1/70 ఏం చెప్తుంది? షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానం కూడా బదిలీ కిందికే వస్తాయి. ఆడబిడ్డ వాటాకు కూడా అదే కాపలా. ఇక నా మరదలి తండ్రి చెలక పోయింది ఆడబిడ్డకు వాటా ఇచ్చినందుకా? వాటా ఇవ్వకుండా కట్నం ఇచ్చినందుకు పోయింది. మాట మీద భూమి అప్పజెప్పిన చేతులు మగవాళ్ళవే.

కాబట్టి మిమ్మల్ని అడిగేవి నాలుగే.

ఉద్యోగం ఉన్న తమ్ముళ్ళారా, మీరే మొదలుపెట్టారు, మీరే ఆపాలి. "వాళ్ళే ఇష్టంగా ఇచ్చారు" అనొద్దు. ఆ ఇష్టం వెనక ఏ చెలక ఉందో పోయి చూడండి.

చెల్లెళ్ళారా, ఇంట్లో పోడు పట్టా తీసి చూడండి. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం పెళ్ళయిన వాళ్ళ పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. అమ్మ పేరు లేకపోతే గ్రామసభలో అడగండి.

పెద్దలారా, 1996 పెసా చట్టం మన ఆచారాలను, మన తగువులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారంతో ఒక తీర్మానం రాయండి: మా ఊర్లో కట్నం లేదు, ఆడబిడ్డకు వాటా ఉంది, పెళ్ళి పంచాయితీలో ఆడవాళ్ళు కూర్చొని మాట్లాడతారు. ఆచారం మనదే అయినప్పుడు దాన్ని సరిచేసుకునే పని కూడా మనదే. మనం చేయకపోతే ఇంకెవరో వచ్చి వాళ్ళ ఆచారం మన మీద రుద్దుతారు.

నాలుగోది అందరికీ. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి వాళ్ళకు గట్టు చెప్పండి, వరస చెప్పండి, మన మాటలో మాట్లాడండి. ఓలి అంటే ఎందుకో కూడా చెప్పండి.

మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె అడిగినదానికి మేం ఆ రోజు జవాబు చెప్పలేదు. ఈ ఏడు తమ్ముడు, నేను కలిసి పైసలు జమ చేశాం. వాళ్ళ మామ తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తాం. చెలక వదిలిపెట్టకపోతే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర 1/70 కింద కేసు వేస్తాం. దరఖాస్తు రాసిపెట్టాం. దాని మీద మొదటి సంతకం నా మరదలిది.

విత్తనాల పండుం లోపల ఆ చెలకలో అడుగు పెట్టాలని మా ఆశ. మీరు కూడా మీ ఇంటికి పోయాక ఒక్కసారి లెక్క తీయండి. మీ ఇంట్లో బండి ఎవరి చెలక మీద వచ్చింది?

జోహార్.