ఆదివారం పోయాక ఆరు రోజులు

(దళిత క్రైస్తవ యువజనుల సభలో చేసిన ప్రసంగం)



నీళ్లలో మునిగి లేవటానికి ఒక్క నిమిషం చాలు. ఆ మాట మీద నిలబడటానికి బతుకంతా కావాలి. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని గుడికి పోతున్నాం. మరి సోమవారం నించి శనివారం దాకా మన విశ్వాసం ఎక్కడుంటోంది? ఇవాళ మనం మాట్లాడుకోవాల్సింది ఇదే.

మన పెద్దలకు విశ్వాసమంటే రోజువారీ పోరాటం. ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక పల్లెలకు పల్లెలే కదిలాయి. మిషనరీ క్లౌ దొర వాళ్లకు మూడు కట్టుబాట్లు చెప్పాడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినటానికి చిన్న మాటలే. కానీ వెట్టివాడు వారానికొక రోజు "రాను" అన్నాడంటే, అమ్మోరి కొలుపుల్లో డప్పు కొట్టనన్నాడంటే ఊరి పెత్తనం పునాది కదిలినట్టే గదా! అందుకే పెద్దకులాలు పనులు మానిపించాయి, బావుల దగ్గరికి రానివ్వలేదు. అయినా చాలామంది మాట తప్పలేదు.

"కూటి కోసం మతం పుచ్చుకున్నారు" అని మనల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 1876-78 కరువులో మిషను బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి మనవాళ్లకు కూలి ఇచ్చిన మాట నిజమే. ఆ కరువులో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశారన్నది కూడా నిజమే. ఇంక సాయం లేదని చెప్పాక జనం వచ్చారు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూడు ఆగాక వచ్చినోళ్లను కూటి కోసం వచ్చారంటే ఎట్లా?

ఇప్పుడు చట్టం సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని బట్టి షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు ఇంకా తియ్యలేదు. మన రెండు రాష్ట్రాల్లో మనల్ని బి.సి.-సి.లో వేసి 1 శాతం చేతిలో పెట్టారు. మేం బడిపంతుళ్లం. రిజిస్టరులో ఒక మతం, ఇంట్లో ఇంకో మతం ఉన్న పిల్లల్ని రోజూ చూస్తున్నాం. ఆ తల్లిదండ్రుల్ని దొంగలనొద్దు. దేవుడో చదువో ఒకటే తీసుకోమని వాళ్లను నిలదీసింది ఈ ఉత్తర్వు. మార్చాల్సింది దాన్ని.

చట్టాన్ని అడిగే నోరు మన ఇంటిని కూడా అడగాలి. ఒకే ప్రభువు బల్ల అంటాం. మాలలకో గుడి, మాదిగలకో గుడి ఎందుకున్నాయి? యేసు బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లడిగాడు, ఆమె కడవను అంటు అనుకోలేదు. మనం మాత్రం అవతలి పేట నించి పిల్లను తెచ్చుకోమంటే మొహం తిప్పుకుంటున్నాం. పొద్దున ప్రార్థన చేసి సాయంత్రం తాగొచ్చి భార్యను కొడితే ఆ ప్రార్థన ఎవరికి?

గుళ్లో లేచి సాక్ష్యం చెప్పటం మనకు అలవాటే. అసలు సాక్ష్యం ఏంటో చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపారు. నరికినోళ్లు ఏ మతమని అడగలేదు, ఏ పేట అని చూశారు. కూలీనాలీ చేసుకునే ఆడామగా భయానికీ డబ్బుకీ లొంగకుండా 16 ఏళ్లు నిలబడి, ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టులో సాక్ష్యం చెప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు పోయిందిగానీ ఆ సాక్ష్యం అబద్ధమైపోదు.

అందుకని, ఇక్కణ్ణించి పోయాక నాలుగు పనులు పట్టుకుందాం. మాల మాదిగ పేటలు కలిసి నెలకోసారైనా ఒకే బల్ల దగ్గర కూర్చుందాం. ఆడపిల్లను పది దాటి చదివిద్దాం. తాగి కొట్టేవాణ్ణి సంఘంలో నిలబెట్టి అడుగుదాం. మన పేటలో దెబ్బ తిన్నవాడి కేసుకు వాయిదా వాయిదాకీ తోడు పోదాం.

ఇవి ఒక్కరోజు ఊపులో అయ్యేవి కావు. రేపు సోమవారం. అక్కణ్ణించే మొదలుపెడదాం.

జై భీమ్!