గాజు కిటికీల రాతిమేడ

రాతిమేడ అనగానే దట్టమైన గోడలు, ఇరుకు గవాక్షములు, లోపల చీకటి మన మనస్సులకు స్ఫురించును. ఇంగ్లండు దేశమున డర్బిషైర్ మండలములో ఒక మిట్టపై నిలిచిన హార్డ్విక్ హాల్ ఈ ఊహను తలక్రిందులు చేయును. దాని కథ నేడు కొంత చెప్పుకొందము.

ఈ మేడను కట్టించినది ఒక స్త్రీ. ఆమె ష్రూస్‌బరీ ప్రభుపత్ని ఎలిజబెత్. నాల్గవ భర్త 1590లో గతించునాటికే ఆమె తన పుట్టినింటిని పెద్ద మేడగా పెంచుచుండెను. ఆ పని ముగియకమునుపే, దాని ప్రక్కనే క్రొత్త మేడకు పునాదులు వేయించి, 1597లో అందు ప్రవేశించెను. దీని రూపకర్త రాబర్ట్ స్మైథ్‌సన్ అని పండితుల అభిప్రాయము. అతడు తొలుత రాతిపనివాడే.

రాయి అచ్చటి ఇసుకరాయి. బయటి గోడలలో గాజే అధికము. మరి పైకప్పు బరువు నిలుచుట ఎట్లు? లోపలి మందపు గోడలే ఆ బరువును మోయును. పొగగూళ్లను సైతము చాలవరకు ఆ గోడలలోనే ఇమిడ్చిరి. కొన్నిచోట్ల కిటికీ వెలుపలికి కనబడును గాని, దాని వెనుక ఉన్నది పొగగూడే! సౌష్ఠవము కొరకు చేసిన చిన్న మాయ అది.

అంతస్తు పెరిగిన కొలది కిటికీలు ఎత్తు పెరుగును. ఏలయన ఘనమైన సభాశాల అన్నిటికంటె పై అంతస్తులో ఉన్నది. వంటయిల్లు మాత్రము క్రింద. అతిథుల భోజనమును సేవకులు ఆ పొడవైన రాతిమెట్ల మీదుగా మోసికొనిపోవలసి యుండెను. బురుజుల శిఖరములపై వెలసినవి యజమానురాలి పేరులోని పొడి అక్షరములు. మెట్లెక్కిన వారి పేర్లు ఎచ్చటను లేవు. ఈ మాటను మనము మరువరాదు.

1950లో డెవన్‌షైర్ పదవ డ్యూక్ మరణింపగా, వారసులపై భారమైన పన్ను పడెను. దాని ఫలితముగా మేడ వంశము చేయి దాటి, 1959లో నేషనల్ ట్రస్టు రక్షణలోనికి వచ్చెను. తొమ్మిదవ డ్యూక్ భార్య ఎవెలిన్ చివరివరకు అందే నివసించి, చినిగిన పాత చిత్రపు తెరలను బాగుచేయుటలో శ్రద్ధ వహించెను. ఆమె 1960లో గతించెను.

ప్రక్కనున్న పాత మేడ నేడు కప్పులేని శిథిలము. రెంటికిని యజమానురాలు ఒక్కతె; మిట్టయు ఒక్కటే. ఒకటి నిలిచినది, ఒకటి కూలినది. మేడలను కట్టించునది ఐశ్వర్యము. నిలుపునది మాత్రము ఏటేట కప్పును, గోడను కనిపెట్టి చూచుకొను ఓర్పు.