తుఫాను రాకముందే సరుకు సర్దుకుందాం
(మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మనం ఎవరమూ మరిచిపోలేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. స్తంభాలు ఒరిగిపోయి చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక మోటారు తిరగలేదు, కుళాయికి నీళ్లు రాలేదు. పాసుపుస్తకంలో పొదుపు ఉంది, కానీ కొట్లు తియ్యలేదు. దారికి అడ్డంగా చెట్లు. డబ్బుండీ పిల్లలకు గంజి కాయలేకపోయాం. బియ్యం ఉన్న ఇళ్లలో కూడా బస్తా నేల మీదే ఉండిపోయి తడిసి ముద్దయింది. చెమ్మకి అగ్గిపుల్ల అంటుకోలేదు. ఆ తప్పు మనదే.

నలుగురున్న ఇంటికి వారం లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున బియ్యం 11 కిలోలు పైచిలుకు. కందిపప్పు 2 కిలోలు, నూనె లీటరు, ఉప్పు, కారం, చింతపండు. మొదటి రెండు మూడు రోజులు పొయ్యి వెలగకపోవచ్చు. అందుకని అటుకులు, బెల్లం, వేయించిన చోడిపిండి వేరే డబ్బాలో ఉంచాలి. తాగడానికి, వంటకి మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లనుకుంటే మూడు రోజులకు 48 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు మూడు. హెచ్చరిక వినగానే వాటిని నింపి మూత బిగించాలి. వరద కలిసిన బావి నీళ్లు మరగబెట్టకుండా తాగొద్దు.

పప్పులు ఎండలో పెట్టి, చల్లారాకే డబ్బాలో పొయ్యాలి. బియ్యంలో ఎండిన వేపాకు వెయ్యాలి. డబ్బాలన్నీ అటక మీదికి ఎక్కించాలి. అగ్గిపెట్టె, టార్చి ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాలి.

మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. వాళ్లకు ఆవకాయ, ఎండుచేపలు దాచిపెడితే సరిపోదు. ఆ ఉప్పు వాళ్లకు చేటు. వాళ్లు ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరుని ముందే అడిగి, మందులు కూడా వారానికి సరిపడా దగ్గర పెట్టుకోవాలి.

ఒక్కసారే ఇంత కొనలేం అంటారు. నిజమే. రోజుకో రూపాయి పొదుపుతో మొదలైనవాళ్లం కదా, రోజుకో గుప్పెడు బియ్యం తీసి పెట్టలేమా? గుప్పెడు 50 గ్రాములు అనుకున్నా, సంక్రాంతి నుంచి మొదలెడితే ఆగస్టు ఆఖరుకి 11 కిలోలు దాటుతుంది. అక్టోబరు తుఫాన్లకి ముందే డబ్బా నిండుతుంది. దాచిన బియ్యాన్ని అలాగే వదిలేస్తే పురుగు పడుతుంది. నెలకోసారి పాతవి వండుకుని, కొత్తవి పొయ్యాలి.

ఇకమీదట సంఘం మీటింగులో పొదుపు అడిగినట్టే, "నీ డబ్బా నిండిందా, అక్కా?" అని కూడా అడుగుదాం. ఒంటరి ముసలమ్మ, నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇళ్లను ముందే రాసుకుని, ఆ ఇంటి డబ్బా సంఘమే నింపుదాం. సెలవు.