కడుపుతో ఉన్న మనిషికీ, ఆ ఇంటికీ సంఘమే తోడు



పొదుపులు, అప్పులు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇందాక విన్నాం. మేము చెప్పబోయేది మీటింగు పుస్తకంలో ఎప్పుడూ ఎక్కని సంగతి. కడుపుతో ఉన్నప్పుడు తాగితే బిడ్డకు ఏమవుతుంది, అలాంటి ఇంటికి సాయం ఎక్కడ దొరుకుతుంది అనేది.

తాగుడు గురించి మాట్లాడేదానికి నెల్లూరు ఆడవాళ్లకు భయమేంటి? 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు మన జిల్లాలో ఊరూరా పాకింది. మన సంఘాల వేరు అక్కడుంది. కాకపోతే ఆనాడు మాట్లాడింది మొగవాళ్ల తాగుడు గురించి. ఆడమనిషి తాగితే మాత్రం ఇప్పటికీ గుసగుసలే.

తాగే ఆడవాళ్లు తక్కువే కావచ్చు, అసలు లేరని మాత్రం అనలేం. పగలంతా వంగి నాట్లేసి, ఇటుకలు మోసి, ఒళ్లు నొప్పులకని కొందరు. కల్లు చలవ చేస్తుందని పెద్దవాళ్లు చెబితే కొందరు. ఇంట్లో మొగుడు పోస్తే, కాదనలేక కొందరు. కల్లైనా, బీరైనా, బ్రాందీ అయినా, నాటుసారా అయినా బిడ్డకు ఒకటే.

తల్లి తాగింది రక్తంలో కలిసి, మాయ దాటి, బిడ్డకు చేరుతుంది. బిడ్డ కాలేయం ఇంకా ముదరలేదు, దాన్ని విరిచేసుకునే శక్తి లేదు. దెబ్బ ముఖ్యంగా మెదడుకు తగులుతుంది. 1973లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, ఎదుగుదల తగ్గొచ్చు. చాలామంది చూసేదానికి బాగానే ఉంటారు. చదువు ఎక్కదు, చెప్పింది మర్చిపోతారు, ఒకచోట కూర్చోలేరు. తాగిన ప్రతి తల్లికీ ఇలాంటి బిడ్డే పుడతాడని కాదు. అయితే ఇంత తాగితే పర్వాలేదు అనే కొలత ఏ డాక్టరూ చెప్పలేదు. ఏ నెలలోనైనా వద్దనే చెప్తారు.

మాకు తెలిసిన ఒక ఇల్లుంది, పేరు చెప్పం. పిల్లోడికి ఎనిమిదేళ్లు. మొండోడని బడిలో దెబ్బలు, ఇంట్లో దెబ్బలు. తల్లి ఆ నెలల్లో తాగిన సంగతి ఏ డాక్టరుకూ చెప్పలేదు. చెబితే అత్తగారింట్లో ఉండనియ్యరని భయం. ఆమె నోరు మూసుకున్నంత కాలం పిల్లోడికి సరైన వైద్యమే మొదలవలేదు. అక్కలారా, తిట్టినందువల్ల మెదడుకు తగిలిన దెబ్బ మానదు. తిట్టే కొద్దీ తల్లి దాచిపెడుతుంది, అంతే.

ఇక సాయం సంగతి. కడుపుతో ఉన్న మనిషి తాగుతుంటే ఈ రోజు మానినా బిడ్డకు మేలే, ఆలస్యమైపోయిందని వదిలెయ్యొద్దు. రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావొచ్చు. అందుకని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మాన్పించాలి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత పరీక్ష ఉంది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎంలకు నిజం చెప్పాలి. తాగుడు మాన్పించే సలహాకు 14446, మనసు బాగాలేకపోతే 14416 నంబర్లకు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మొగుడు కొడుతుంటే 181 ఉంది.

బిడ్డ పుట్టాక అనుమానముంటే అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు చూపించాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా చూస్తారు, అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సదరం సర్టిఫికెట్ మీద పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. ఒకసారికి ఒకే పని చెప్పాలి. మాటతో పాటు చేసి చూపించాలి. తిండి, నిద్ర, బడి రోజూ ఒకే వేళకు ఉండాలి. మర్చిపోతే మళ్లీ చెప్పాలి, చెయ్యెత్తకూడదు. పూర్తిగా నయమయ్యే మందు లేదు గానీ, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే బిడ్డ అంత నిలదొక్కుకుంటాడు.

ఈ ఏడు మన సమాఖ్య మూడు తీర్మానాలు చేయాలని మా సంఘం కోరుతోంది. ఒకటి, గర్భిణి ఉన్న ప్రతి సంఘంలో ఆమెకు నమ్మకమైన ఒక సభ్యురాలు ఆసుపత్రికి తోడుపోవాలి. రెండు, ఆమె చెప్పిన మాట సంఘం గడప దాటకూడదు. మూడు, మొగుణ్ణి కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇంట్లో సీసా ఉంటే ఆమె ఒక్కతే మానడం కష్టం.

అప్పు తీర్చలేని సభ్యురాలి కోసం పదిమందిమీ పూచీ నిలబడుతున్నాం. పుట్టబోయే బిడ్డకూ అట్లాగే నిలబడదాం. సెలవు.