పౌలు మేనల్లుడు



ఈ దినము అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములోని ఒక పడుచువానిని గూర్చి ధ్యానిద్దాము. అతని పేరు మనకు తెలియదు. పౌలుకు మేనల్లుడు, అంతే.

పౌలు ఏ నేరమూ చేయకుండానే యెరూషలేములో బంధింపబడ్డాడు. కొరడాలతో కొట్టబోతుంటే, తాను రోమా పౌరుడనని చెప్పాడు. ఆ మాటకు సహస్రాధిపతి భయపడ్డాడు. పౌరసత్వము అంత బలమైనది! అయినా అది చాలలేదు. నలభైమందికి పైగా పౌలును చంపుతామని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి మేనల్లుడు విని, కోటలోనికి వెళ్లి చెప్పాడు. ఆ రాత్రే 200 మంది సైనికులు, 70 మంది గుఱ్ఱపురౌతులు, 200 మంది ఈటెలవారు పౌలును కాపాడుతూ బయలుదేరారు. ప్రభుత్వానికి బలముంది. కానీ కబురు మోయడానికి ఒక మనిషి కావలసివచ్చాడు.

ప్రియులారా, నేడు కూడా అంతే. 1963 నాటి వియన్నా ఒప్పందము ప్రకారము, పరాయి దేశములో పట్టుబడినవాడు కోరితే, ఆ సంగతి అతని దేశపు రాయబార కార్యాలయానికి ఆలస్యము లేకుండా తెలియజేయాలి. అధికారులు వచ్చి అతన్ని చూడవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. అక్కడి చట్టాన్ని కాదని జైలు తలుపులు తెరవలేరు. కానీ మనవాడు దిక్కులేనివాడు కాడని చూపగలరు.

శ్రీకాకుళం జాలరులను జ్ఞాపకము చేసుకోండి. గుజరాత్ పడవల్లో కూలికి వెళ్లినవారు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కారు. సముద్రము మీద గీత కనబడదు గదా! ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉన్నారు. ఇంటి ఆడవారు నాయకుల దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ రెండు దేశాల మధ్య 2008లో జరిగిన ఒప్పందము ప్రకారము, శిక్ష ముగిసి, ఖైదీ ఏ దేశస్థుడో రూఢియైతే నెల లోపల విడిచిపెట్టాలి. ఆ రూఢి ఎక్కడ నుండి రావాలి? అతని సొంత ఊరి నుండే, ఇంట్లో ఉన్న కాగితాల నుండే.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితము పీలేరు వైపు పల్లె నుండి ఒక తల్లి ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. జీతము అడిగినందుకు యజమాని పరారీ కేసు పెట్టాడు, పోలీసులు పట్టుకుపోయారు. నేను ప్రార్థన చేసి, ధైర్యము చెప్పి పంపేశాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. అప్పుడు అడిగాను, పాస్‌పోర్టు జిరాక్సు ఏమైనా ఉందా అని. సంచిలో నుండి తీసి ఇచ్చి, “పోయిన తూరి కూడా సంచిలోనే ఉండె అయ్యగారూ, మీరు అడగలేదు” అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. ఆ సాయంత్రమే అర్జీ రాసి పంపాము. కొన్ని వారాలకు అతడు ఇల్లు చేరాడు. కానీ ఆ రెండు నెలలు ఎవరి లెక్కలో వేయాలి? నా లెక్కలోనే. నా ప్రార్థన తప్పు కాదు. ప్రార్థించి కూర్చోవడము తప్పు.

కాబట్టి మీ ఇంటివారు గల్ఫ్‌కు వెళ్తే పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. యజమాని పేరు, ఏజెంటు ఫోను నంబరు రాసిపెట్టుకోండి. ఆపద వస్తే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. అది 2015 నుండి ఉంది. ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకి చెప్పండి. సోమవారము కలెక్టరేటులో అర్జీ ఇవ్వండి. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి, అర్హులైన పేదలకు వకీలు ఖర్చు, విమాన టికెట్టు రాయబార కార్యాలయాలు ఇవ్వగలవు. అది భిక్ష కాదు.

చదువు రాని తల్లి మీ వీధిలో ఉంటే, ఆమె అర్జీ మీరు రాయండి. బంధకములలో ఉన్నవారితో మనమూ బంధింపబడినట్టు వారిని తలంచుకోవాలని హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయము బోధిస్తుంది. తలంచుకోవడమంటే వారి కబురు మోయడము. ఈ వారము మీరు ఎవరికి మేనల్లుడవుతారు?

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.