సముద్రం మింగిన నూమెనోర్

ఇంగ్లిష్ రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఊహించిన నూమెనోర్ అనే ద్వీప సామ్రాజ్యం గురించి ఈ పూట చెప్పుకుందాం.

ఐదు కొమ్ముల నక్షత్రం ఆకారంలో ఉంటుందీ దీవి. మోర్గోత్ అనే దుష్టశక్తితో పోరాడిన మనుషులకు వలార్ అనే దేవతలు ఇచ్చిన బహుమానమది. తొలి రాజు ఎల్రోస్ 500 ఏళ్లు బతికాడు. దీవి నడిమధ్య మెనెల్టార్మా పర్వతం. దాని శిఖరం మీద గుడి లేదు, గోపురం లేదు. ఏడాదికి మూడుసార్లు జనం ఎక్కి వెళ్లినా, అక్కడ నోరు విప్పే హక్కు రాజు ఒక్కడిదే. అంత సామ్రాజ్యానికి ఇంత నిరాడంబరమైన పుణ్యక్షేత్రం! టోల్కీన్ కల్పనల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

దేవతల షరతు ఒక్కటే: తీరం కనుమరుగయ్యేంత దూరం పడమటికి ఓడ నడపకూడదు. నూమెనోర్ వాళ్లు మొదట్లో తూర్పు తీరాల జనానికి సేద్యం నేర్పారు. తరువాత అక్కడి అడవులు నరికారు, కప్పం గుంజారు, మనుషుల్ని బానిసల్ని చేశారు. ఎంత ఆయుష్షున్నా చావుభయం మాత్రం పెరుగుతూనే పోయింది. చివరి రాజు అర్-ఫరజోన్, తాను బందీగా తెచ్చిన మోర్గోత్ అనుచరుడు సౌరోన్ మాటలే నమ్మి, అమరత్వం కోసం దేవతలుండే పడమటికి నౌకాదళం నడిపాడు. దాంతో సముద్రం దీవిని మింగేసింది. దేవతలకు విధేయుడిగా మిగిలిన ఎలెండిల్, అతని వాళ్లు తొమ్మిది ఓడల్లో బయటపడ్డారు. అప్పటిదాకా బల్లపరుపుగా ఉన్న భూమి గుండ్రంగా మారిందట.

ప్లేటో చెప్పిన అట్లాంటిస్ నీడ ఇందులో స్పష్టం. నేలను ముంచెత్తే మహా కెరటం తనకు తరచూ కలలో వచ్చేదని టోల్కీన్ ఉత్తరాల్లో రాసుకున్నాడు. ఈ కథ ఆయన పోయాక 1977లో అచ్చయిన 'ది సిల్మరిలియన్'లో ఉంది.